అమెరికాలో పెరటి కోళ్లు: మీ ఇంటికి వర్తించేది సిటీ రూలా, కౌంటీ రూలా?

పెరట్లో నాలుగు పెట్టలు పెంచుకుందామని అనుకోగానే చాలామంది ఊరి పేరు కొట్టి ఇంటర్నెట్‌లో వెతుకుతారు. ఆ ఊళ్లో ఆరు పెట్టలకు అనుమతి ఉందని కనబడితే గూడు ఆర్డర్ చేస్తారు. తీరా చూస్తే ఆ ఇల్లు ఆ ఊళ్లోనే ఉండదు. తపాలా చిరునామాలో ఉన్న ఊరు ఒకటి, ఆ స్థలం మీద చట్టం చేసే అధికారం ఉన్న ప్రభుత్వం మరొకటి. కోళ్ల విషయంలో తగాదాలు రావడానికి ఇదొక కారణం. అందుకే ఎన్ని కోళ్లు, ఎంత దూరం అన్న లెక్కలకు ముందు మీ స్థలం ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోవాలి.

మూల సూత్రం సులువే. స్థలం ఇన్‌కార్పొరేటెడ్ సిటీ (సొంత పాలకవర్గం ఉన్న సిటీ) సరిహద్దు లోపల ఉంటే సిటీ కోడ్, అంటే సిటీ చేసుకున్న చట్టాల సంపుటి, వర్తిస్తుంది. ఏ సిటీలోనూ లేని స్థలాన్ని అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ప్రాంతం అంటారు, అక్కడ కౌంటీ కోడ్ నడుస్తుంది. సిటీ లోపల ఉన్నవాళ్లకు కౌంటీ జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే నియమాలు) మామూలుగా పట్టదు. చిక్కంతా ఈ సూత్రానికి ఉన్న మినహాయింపుల్లో ఉంది, అవి రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

మొదటి మెట్టు: స్థలం ఎవరిదో తేల్చడం

తపాలా శాఖ ఊరి పేర్లను ఉత్తరాల బట్వాడా సౌలభ్యం కోసం పెట్టుకుంది. వాటికీ సిటీ సరిహద్దులకూ పొంతన ఉండాలన్న నియమం లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లే ఇందుకు మంచి ఉదాహరణలు. జార్జియాలో ఫోర్‌సైత్ కౌంటీ మొత్తానికి ఉన్న ఇన్‌కార్పొరేటెడ్ సిటీ కమ్మింగ్ ఒక్కటే. అయినా ఆ కౌంటీలో వేల ఇళ్లకు కమ్మింగ్, ఆల్ఫరెటా, సువానీ అనే చిరునామాలున్నాయి. ఆల్ఫరెటా సిటీ ఉన్నది ఫుల్టన్ కౌంటీలో, సువానీ సిటీ ఉన్నది గ్విన్నెట్‌లో. ఫోర్‌సైత్‌లో ఉంటూ ‘ఆల్ఫరెటా’ చిరునామా ఉన్నవాళ్లు ఆల్ఫరెటా సిటీ కోడ్ చదివితే లాభం లేదు, ఫోర్‌సైత్ కౌంటీ కోడ్ చదవాలి. వర్జీనియాలో ఆష్‌బర్న్ అసలు సిటీయే కాదు, లౌడన్ కౌంటీలోని అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ప్రాంతం. మేరీల్యాండ్‌లో కొలంబియా అంతే, అక్కడ అధికారం హోవర్డ్ కౌంటీది. టెక్సస్‌లో ‘కేటీ’ చిరునామా ఉన్న ఇళ్లలో అత్యధిక భాగం కేటీ సిటీ బయటే ఉన్నాయి. శాన్ హోసే నడిబొడ్డున కూడా అలమ్ రాక్ లాంటి చోట్ల శాంటా క్లారా కౌంటీ పరిధిలోని ముక్కలు మిగిలి ఉన్నాయి.

తేల్చుకోవడానికి మూడు పనులు చేయండి, మూడింటి జవాబూ ఒకటేనేమో చూడండి.

ఒకటి, ఆస్తి పన్ను బిల్లు. అందులో పన్ను ఎవరెవరికి పోతోందో వరసగా ఉంటుంది: కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ ఇలా. సిటీ పేరుతో పన్ను పడుతుంటే మీరు ఆ సిటీ లోపలే ఉన్నట్టు. టెక్సస్‌లో ఆస్తి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో చిరునామా కొడితే ఈ జాబితా కనిపిస్తుంది. అక్కడ ‘మడ్’ అనే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్‌ను చూసి సిటీ అనుకోకండి. అది నీళ్లు, మురుగు, వరద నీటి కాలువల వంటివి చూసే సంస్థ.

రెండు, కౌంటీ జీఐఎస్ మ్యాప్ (స్థలాల డిజిటల్ పటం). దాదాపు ప్రతి కౌంటీకీ పార్సెల్ వ్యూయర్ (ఒక్కో స్థలం హద్దులు, వివరాలు చూపే పేజీ) ఉంటుంది. మీ పార్సెల్ మీద నొక్కితే పార్సెల్ నంబరు, జోనింగ్, మున్సిపాలిటీ పేరు వస్తాయి. పార్సెల్ నంబరు రాసి పెట్టుకోండి, తర్వాత ఎవరితో మాట్లాడినా అదే అడుగుతారు. జోనింగ్ గడిలో ‘సిటీ’ అనో, ఖాళీగానో ఉంటే కౌంటీ అక్కడ జోనింగ్ చేయడం లేదని సాధారణ సూచన.

మూడు, సెన్సస్ బ్యూరో ఉచిత జియోకోడర్ (చిరునామా ఏ ప్రాంతం కిందికి వస్తుందో చెప్పే పేజీ). చిరునామా ఇస్తే ‘ఇన్‌కార్పొరేటెడ్ ప్లేసెస్’ కింద ఊరి పేరు వస్తే అది సిటీ, టౌన్ లేదా విలేజ్. ‘సెన్సస్ డిజిగ్నేటెడ్ ప్లేస్’ కింద వస్తే అది జనాభా లెక్కల కోసం పెట్టిన పేరే, దానికంటూ పాలకవర్గం లేదు. ఈ మధ్యే సిటీలో కలిసిన స్థలాలు ఇందులోకి ఎక్కడానికి కొంత కాలం పడుతుంది, కాబట్టి ఇదొక్కటే నమ్ముకోవద్దు.

పోలీసు బండి మీద షెరిఫ్ అని రాసుంది కాబట్టి మనది కౌంటీయే అనుకోవడం మరో పొరపాటు. కాలిఫోర్నియాలో క్యుపర్టీనో, సారటోగా స్వతంత్ర సిటీలే, పోలీసు పని మాత్రం ఒప్పందం మీద కౌంటీ షెరిఫ్‌తో చేయించుకుంటాయి. జంతువుల నియంత్రణ కూడా ఇలాగే. లాస్ ఏంజలస్ కౌంటీలో చాలా చిన్న సిటీలు ఆ పనిని కౌంటీకి అప్పగించి, కౌంటీ జంతు కోడ్‌నే తమ కోడ్‌గా ఆమోదించుకున్నాయి. అలాంటి చోట తనిఖీకి వచ్చేది కౌంటీ మనిషే అయినా, ఎన్ని కోళ్లు ఉండొచ్చన్న జోనింగ్ నిర్ణయం సిటీదే.

రాష్ట్రాన్ని బట్టి మారేది

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో అన్‌ఇన్‌కార్పొరేటెడ్ స్థలమే లేదు. ప్రతి అంగుళం సిటీ, బరో, టౌన్‌షిప్ లాంటి ఏదో ఒక స్థానిక ప్రభుత్వం కింద ఉంటుంది. న్యూజెర్సీలో కౌంటీ కోళ్ల రూలు కోసం వెతకడం దండగ. ఎడిసన్‌లో ఉంటే ఎడిసన్ టౌన్‌షిప్ కోడ్, పక్కనే ఉన్న మెటచెన్‌లో ఉంటే మెటచెన్ బరో కోడ్. కనెటికట్‌లో 1960లోనే కౌంటీ ప్రభుత్వాలను రద్దు చేశారు, అక్కడ అంతా టౌన్‌దే.

వర్జీనియాలో సిటీలు కౌంటీలో భాగం కావు, స్వతంత్ర సిటీలు. ఫెయిర్‌ఫాక్స్ సిటీ వేరు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వేరు. రెండింటి ఇళ్లకూ ‘ఫెయిర్‌ఫాక్స్’ చిరునామా ఉంటుంది. టౌన్లు మాత్రం కౌంటీలో భాగమే. లీస్‌బర్గ్, హెర్న్‌డన్ లాంటి టౌన్లకు సొంత జోనింగ్ ఉంది కనుక టౌన్ కోడ్ ముందు చూసి, తర్వాత కౌంటీ జంతు కోడ్‌నూ చూడాలి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ప్రత్యేక పర్మిట్ లేకుండా కోళ్లు పెంచడానికి రెండు ఎకరాల స్థలం ఉండాలి, అంతకన్నా చిన్నదైతే ప్రత్యేక పర్మిట్ కోరాలి. ఆ రెండెకరాల షరతు తెలియక చిన్న స్థలంలో గూడు కట్టేవాళ్లు నష్టపోతారు.

సిటీ, కౌంటీ ఒకటైపోయిన చోట్లు కొన్ని ఉన్నాయి: శాన్ ఫ్రాన్సిస్కో, డెన్వర్, 1963లో కలిసిన నాష్‌విల్, 1968లో కలిసిన జాక్సన్‌విల్. అక్కడ ఒకే కోడ్. కాకపోతే నాష్‌విల్ ఉన్న డేవిడ్‌సన్ కౌంటీలో, జాక్సన్‌విల్ ఉన్న డూవల్‌లో విడిగా నిలిచిన చిన్న మున్సిపాలిటీలు కొన్ని ఉన్నాయి, వాటి కోడ్ విడిగా చూసుకోవాలి.

టెక్సస్ కౌంటీలకు సాధారణ జోనింగ్ అధికారం లేదు. సిటీ బయట ఉన్నవాళ్లు ‘కౌంటీ రూలు ఏమీ లేదట, ఇక మన ఇష్టం’ అనుకోవడం అందుకే. నిజంగానే కోళ్ల సంఖ్య మీద కౌంటీ పరిమితి కనబడకపోవచ్చు. అయితే కంపు, ఈగలు, చెత్త మీద చర్య తీసుకునే న్యూసెన్స్ అధికారం కౌంటీకి రాష్ట్ర చట్టమే ఇచ్చింది. పైగా సిటీ బయటి కొత్త కాలనీలన్నీ దాదాపుగా హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) కాలనీలే. అక్కడ అసలు అడ్డు అదే.

సిటీ బయట ఉన్నా సిటీ చేయి తగిలే చోటు

చాలా రాష్ట్రాల్లో సిటీ సరిహద్దు చుట్టూ ఈటీజే (సరిహద్దు బయట కూడా సిటీకి కొంత అధికారం ఉండే ప్రాంతం) అనే పట్టీ ఉంటుంది. అందులో ఉన్నవాళ్లు సిటీకి పన్ను కట్టరు, సిటీ ఎన్నికల్లో ఓటు వేయరు. సిటీ రూల్స్ మాత్రం కొన్ని వర్తిస్తాయి. ఏవి వర్తిస్తాయన్నది రాష్ట్రానికో తీరు.

నార్త్ కరొలైనాలో ఈటీజే అంటే సిటీ జోనింగ్ నడిచే ప్రాంతం. సరిహద్దు నుంచి ఒక మైలు వరకు, పెద్ద సిటీలైతే కౌంటీ ఒప్పుకున్న మేరకు 3 మైళ్ల వరకు ఉండొచ్చు. కేరీ, మోరిస్‌విల్ పరిసరాల్లో ఇల్లు కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. ఇక్కడో సూక్ష్మం ఉంది. కోళ్ల రూలు టౌన్ జోనింగ్ అధ్యాయంలో ఉంటే ఈటీజేలో మీకు వర్తిస్తుంది. అదే రూలు జంతువుల అధ్యాయంలో ఉంటే అది టౌన్ సరిహద్దు దాటి రాదు, అప్పుడు కౌంటీ జంతు కోడ్ చూడాలి. అంటే ఒకే ఇంటికి జోనింగ్ టౌన్‌ది, జంతు నియంత్రణ కౌంటీది కావచ్చు. రెండూ చదవక తప్పదు.

టెక్సస్‌లో తీరు వేరు. అక్కడ ఈటీజేలో సిటీ జోనింగ్ నడవదు, ప్లాట్ల విభజన వంటి కొన్ని నిబంధనలే నడుస్తాయి. అయితే సొంత చార్టర్ ఉన్న ‘హోమ్ రూల్’ సిటీకి తన సరిహద్దు బయట 5,000 అడుగుల దాకా న్యూసెన్స్‌ను నిషేధించే అధికారం ఉంది. పెట్టలు ఉంచుకోవడం వల్ల కాకపోయినా, రెట్ట కుప్ప కంపు కొట్టడం వల్ల సిటీ నోటీసు రావచ్చు.

రెండో మెట్టు: కోడ్ చదవడం

సిటీ, కౌంటీ కోడ్‌లు ఎక్కువగా మ్యునికోడ్, అమెరికన్ లీగల్, ఈకోడ్360 అనే సైట్లలో ఉంటాయి. మీ సిటీ వెబ్‌సైట్‌లోని లింకు ద్వారానే అక్కడికి వెళ్లండి, ఒకే పేరుతో వేరే రాష్ట్రంలో ఊళ్లు చాలా ఉంటాయి.

‘చికెన్’ అని కొడితే ఏమీ రాకపోతే రూలు లేదనుకోవద్దు. ‘పౌల్ట్రీ’, ‘ఫౌల్’, ‘హెన్’, ‘రూస్టర్’, ‘లైవ్‌స్టాక్’, ‘స్మాల్ యానిమల్స్’, ‘అగ్రికల్చర్’ అని ఒక్కొక్కటీ వెతకాలి. వచ్చిన ప్రతి మాటకూ నిర్వచనాల విభాగంలో అర్థం చూడాలి. కొన్ని కోడ్‌లలో లైవ్‌స్టాక్ అంటే కోళ్లు కూడా. కొన్నింటిలో కావు.

రూలు ఎక్కడైనా దాక్కుని ఉండొచ్చు. సియాటిల్‌లో అది భూవినియోగ కోడ్‌లో ఉంది: ఒక స్థలంలో 8 పక్షుల వరకు, పుంజులు నిషేధం. న్యూయార్క్ సిటీలో అది హెల్త్ కోడ్‌లో ఉంది: పెట్టలు ఉంచుకోవచ్చు, పుంజులు, బాతులు, టర్కీలు కుదరవు. అందుకని కనీసం నాలుగు అధ్యాయాలు చూడండి: జంతువులు, జోనింగ్, ఆరోగ్యం-న్యూసెన్స్, భవన నిర్మాణం.

జోనింగ్ అధ్యాయం మౌనంగా ఉన్నప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. జంతువుల అధ్యాయంలో నిషేధం లేకపోతే అది ఒప్పుకున్నట్టే కావచ్చు. జోనింగ్‌లో చాలా కోడ్‌లు దీనికి తలకిందులు: జాబితాలో రాసిన వినియోగాలే చెల్లుతాయి, రాయనివి చెల్లవు. ‘ఎక్కడా వద్దని రాయలేదు’ అన్న వాదన అక్కడ నిలబడదు. మీ జోన్ పేరు పట్టుకుని, ఆ జోన్‌లో ‘యాక్సెసరీ యూజ్’ (ఇంటికి అనుబంధ వినియోగం) కింద ఏమేమి రాశారో చూడండి. కోడ్ పేజీ అడుగున చివరిగా ఎప్పుడు సవరించారో ఉంటుంది. ఆ తేదీ తర్వాత ఆమోదించిన ఆర్డినెన్స్‌లు (స్థానిక చట్టాలు) విడి జాబితాగా ఉంటాయి, అవీ తిరగేయండి. ఈ కొన్నేళ్లలో కోళ్ల రూల్స్ మార్చుకున్న ఊళ్లు చాలా ఉన్నాయి.

చదువుతూ ఇవి కాగితం మీద రాసుకోండి: ఎన్ని పెట్టలు, పుంజు సంగతి, కనీస స్థలం, గూడు ఎక్కడి నుంచి ఎంత దూరం ఉండాలి, పర్మిట్ ఉందా, పక్కింటివాళ్ల సంతకం కావాలా, పెరట్లో కోయవచ్చా. కనీస స్థలం చదరపు అడుగుల్లోనో ఎకరాల్లోనో ఉంటుంది. ఎకరం 43,560 చదరపు అడుగులు. పావు ఎకరం అంటే 10,890, మన లెక్కలో పది గుంటలు.

మూడో మెట్టు: దూరాలు కొలవడం

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కోడ్‌లో ‘50 అడుగులు’ అని ఉంటే ఎక్కడి నుంచి అన్నది ముఖ్యం: స్థలం హద్దు నుంచా, పక్కింటి గోడ నుంచా, ఏదైనా నివాసం నుంచా? చివరి దాంట్లో కొన్నిచోట్ల మీ ఇల్లు కూడా లెక్కకొస్తుంది.

ఒక మామూలు కాలనీ స్థలం తీసుకుందాం. వెడల్పు 60 అడుగులు. మీ ఇల్లూ రెండు పక్కల ఇళ్లూ ఒకే వరసలో ఉన్నాయి, వాటి వెనక గోడలు వెనక హద్దుకు 30 అడుగుల దూరంలో ఉన్నాయి. పక్క ఇళ్లు పక్క హద్దులకు 5 అడుగుల అవతల, వెనక వీధి ఇల్లు వెనక హద్దుకు 25 అడుగుల అవతల. గూడు 4 అడుగులకు 4 అడుగులు.

రూలు ‘పక్కింటి నివాసానికి 30 అడుగులు’ అయితే: గూడును వెనక హద్దుకు 10 అడుగుల లోపల, పెరడు మధ్యలో పెడితే వెనకింటికి 35 అడుగులు వస్తుంది. పక్క ఇళ్లకు అడ్డంగానే 33 అడుగులు. సరిపోయింది. రూలు 50 అడుగులైతే: వెనకింటి కోసం గూడును హద్దుకు 25 అడుగుల లోపలికి జరపాలి. అలా జరిపితే పక్క ఇళ్ల మూలలకు 33 అడుగులే వస్తుంది. ఎక్కడ పెట్టినా కుదరదు. ఈ లెక్క డబ్బు పెట్టకముందే కాగితం మీద వేసుకోవాలి. హద్దు ఎక్కడుందో కంచె చూసి నిర్ణయించకండి, ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాగితం చూడండి. కోళ్లు తిరిగే జాలీ దొడ్డి కూడా గూడు కిందే లెక్కా అన్నది కోడ్‌లో స్పష్టంగా లేకపోతే అధికారిని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

నాలుగో మెట్టు: హెచ్‌ఓఏ, అద్దె ఒప్పందం

సిటీ అనుమతి ఇచ్చినా హెచ్‌ఓఏ వద్దంటే వద్దే. అది ఇల్లు కొన్నప్పుడు మీరు ఒప్పుకున్న ప్రైవేటు ఒప్పందం, సిటీ దాని జోలికి రాదు, దాన్ని అమలు చేయదు కూడా. హెచ్‌ఓఏ ఒప్పుకున్నా సిటీ వద్దంటే అప్పుడూ కుదరదు. రెండింటిలో ఏది కఠినమైతే అదే లెక్క.

సీసీ అండ్ ఆర్ అనే ఆ ఒప్పంద పత్రం ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఉంటుంది. లేకపోతే కౌంటీ రికార్డర్ లేదా కౌంటీ క్లర్క్ దగ్గర సబ్‌డివిజన్ పేరుతో వెతకండి. సిటీ లోపలి ఇంటికి కూడా చాలా రాష్ట్రాల్లో ఈ పత్రాలు కౌంటీలోనే రిజిస్టర్ అవుతాయి. ‘పౌల్ట్రీ’, ‘ఫౌల్’ అన్న మాటలు చూడండి. ‘హౌస్‌హోల్డ్ పెట్స్ తప్ప మరే జంతువులూ పెంచరాదు’ అన్న వాక్యం చాలా పత్రాల్లో ఉంటుంది, కోళ్లను పెంపుడు జంతువులుగా ఒప్పుకుంటారన్న భరోసా దాంట్లో లేదు. హెచ్‌ఓఏ పనిచేయడం మానేసినా, భూమి మీద రిజిస్టరైన షరతు మామూలుగా పోదు. పక్కింటివాళ్లు కోర్టుకు వెళ్లగలరు. అద్దె ఇంట్లో ఉంటే యజమాని రాతపూర్వక అంగీకారం విడిగా కావాలి.

‘రైట్ టు ఫార్మ్’ చట్టం (న్యూసెన్స్ ఫిర్యాదుల నుంచి వ్యవసాయాన్ని కాపాడేది) ఉంది కదా అని ధైర్యపడకండి. ఆ చట్టాలు ప్రధానంగా వాణిజ్య వ్యవసాయం కోసం వచ్చినవి. మిషిగన్‌లో పెరటి కోళ్లవాళ్లు ఆ చట్టాన్ని ఆసరా చేసుకునేవారు. 2014లో నిబంధనలు మార్చి, నివాస ప్రాంతాల్లో స్థానిక ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప ఆ రక్షణ లేకుండా చేశారు.

ఐదో మెట్టు: జవాబు రాతలో తీసుకోవడం

ఫోన్‌లో ఎవరో సరేనన్నారన్నది తర్వాత పనికిరాదు. ప్లానింగ్ లేదా జోనింగ్ విభాగానికి ఈమెయిల్ పంపండి. పార్సెల్ నంబరు, జోన్, పెట్టల సంఖ్య, గూడు కొలతలు, హద్దులకూ ఇళ్లకూ దూరాలు రాసి చిన్న బొమ్మ జతచేయండి. మూడే ప్రశ్నలు అడగండి: ఈ పార్సెల్ మీ జోనింగ్ పరిధిలోనిదేనా? ఈ సంఖ్యకు ఏ సెక్షన్ కింద అనుమతి ఉంది? గూటికి ఏ పర్మిట్లు కావాలి? సెక్షన్ నంబరు అడగడం మరవకండి, అది రాయాలంటే అవతలివాళ్లు కోడ్ తెరిచి చూడాల్సిందే. ఇదే జంతు నియంత్రణ విభాగానికీ పంపండి. జోనింగ్ వాళ్లు జంతువుల అధ్యాయం గురించి చెప్పరు, అది వాళ్ల పని కాదు.

గూడు, కోడిపిల్లలు కొనే ముందు

200 చదరపు అడుగులు మించని ఒంటి అంతస్తు షెడ్డుకు జాతీయ నమూనా నివాస కోడ్ ప్రకారం భవన పర్మిట్ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఆ హద్దు 120. పర్మిట్ అక్కర్లేదంటే దూరాల నియమం తప్పుతుందని కాదు. గూటికి కరెంటు లాగితే దానికి విడిగా పర్మిట్ కావాల్సి రావచ్చు.

కోడ్‌లో స్థలం లెక్క లేకపోయినా, పెట్టకు గూట్లో 4 చదరపు అడుగులు, బయటి దొడ్డిలో 10 ఇవ్వండి. మూడు నాలుగు పెట్టలకు గుడ్లు పెట్టే పెట్టె ఒకటి చాలు. రాత్రి కూర్చునే కర్ర మీద పెట్టకు 10 అంగుళాలు. దొడ్డికి అర అంగుళం కన్నాల హార్డ్‌వేర్ క్లాత్ అనే గట్టి ఇనుప జాలీ వాడండి. ఆరు కోణాల చికెన్ వైర్‌ను రకూన్ చించేస్తుంది. జాలీని నేల మీద బయటికి ఒక అడుగు పరిచి మట్టి కప్పితే అలాంటి జంతువులు తవ్వుకుని రావు. దాణా మూతబిగువు రేకు డబ్బాలో ఉంచండి. ఎలుకల గురించి, కంపు గురించి కూడా ఫిర్యాదులు వస్తాయి.

కోడిపిల్లలు కొనేటప్పుడు చాలా దుకాణాలు ఒక కనీస సంఖ్యకు తక్కువ ఇవ్వవు. మీ పరిమితి నాలుగైతే ఎవరితోనైనా పంచుకోవాలి. పెట్టలుగా వేరుచేసి అమ్మిన పిల్లల్లో కూడా హేచరీలు సుమారు 90 శాతం కచ్చితత్వమే హామీ ఇస్తాయి. పుంజు నిషేధం ఉన్న చోట, కూత మొదలుపెట్టిన పుంజును ఎవరికివ్వాలో ముందే మాట్లాడి పెట్టుకోండి.

నాటుకోడి కూర కోసం పెరట్లో కోయాలనుకునేవాళ్లు రూలు తప్పక చూడాలి. సొంతంగా పెంచి సొంతింట్లో తినడానికి కోసుకుంటే ఫెడరల్ తనిఖీ అక్కర్లేదు గానీ, చాలా సిటీలు తమ పరిధిలో కోతను నిషేధించాయి. అసీల్ లాంటి పందెపు జాతి పుంజుల విషయం ఇంకా గట్టిది. కోడిపందెం 50 రాష్ట్రాల్లోనూ నేరం, చూడటానికి వెళ్లడం కూడా ఫెడరల్ నేరమే. అందుకే కొన్ని కౌంటీలు పుంజుల సంఖ్యకు విడిగా పరిమితి పెట్టాయి.

నోటీసు వస్తే

నోటీసు మీద ఏ సెక్షన్ రాశారో, ఎవరు పంపారో, ఎన్నాళ్లు గడువిచ్చారో ముందు చూడండి. మీ స్థలం కౌంటీలో ఉండగా సిటీ పంపితే, పన్ను బిల్లు, జీఐఎస్ పేజీ జతచేసి గడువులోపే జవాబివ్వండి. నోటీసును పట్టించుకోకపోతే న్యాయం మీ వైపున్నా జరిమానా పెరుగుతుంది. సెక్షన్ సరైనదే అయితే, దూరం తక్కువైన గూడును జరపడానికి అదనపు సమయం అడగండి, లేదా వేరియన్స్ (నియమం నుంచి మినహాయింపు) కోసం దరఖాస్తు చేయండి. వేరియన్స్‌కు ఫీజు, పక్కవాళ్లకు నోటీసు, బహిరంగ విచారణ ఉంటాయి. స్థలం ఆకారం వల్ల వచ్చిన ఇబ్బంది చూపించాలి, కోళ్లంటే ఇష్టమన్నది కారణం కాదు.

కౌంటీ రూలు ప్రకారం చట్టబద్ధంగా కోళ్లు పెంచుతుండగా సిటీ మీ ప్రాంతాన్ని కలుపుకుంటే, పాత వినియోగంగా కొనసాగించే హక్కు ఉండొచ్చు. ఆ హక్కు మొదటినుంచీ రూలు ప్రకారం ఉన్నవాళ్లకే. కొంత కాలం కోళ్లు లేకుండా వదిలేస్తే పోతుంది, గూడు పెద్దది చేసినా పోవచ్చు. కాబట్టి విలీనం గురించి ఉత్తరం రాగానే తేదీ కనిపించేలా గూడు ఫొటోలు, కౌంటీ ఇచ్చిన ఈమెయిల్, పర్మిట్, దాణా రసీదులు ఒక ఫైల్లో పెట్టుకుని, విలీనం అమల్లోకి రాకముందే సిటీ ప్లానింగ్ విభాగానికి రాయండి.